పాత బేస్ గిటారు: దాని వయస్సు, దాని వెల

అమెరికాలో ఒక ఇంటిపెద్ద మరణించినాడనుకొందాం. యౌవనంలో ఆయన ఒక సంగీత బృందంలో వాయించేవాడు. పిల్లలు ఇల్లు సర్దుతుండగా మంచం క్రింద పొడుగాటి పెట్టె ఒకటి, అందులో నాలుగు తంత్రుల ఎలక్ట్రిక్ బేస్ గిటారు బయటపడినవి. రంగు అక్కడక్కడ పెచ్చులూడినది, తంత్రులు తుప్పు పట్టినవి. పొరుగాయన రెండువందల డాలర్లకు అడిగినాడు. కొడుకు మాత్రం క్రొత్త రంగు వేయించి అమ్మితే మంచి ధర వస్తుందన్నాడు. ఈ రెండు మాటలలో ఏది విన్నా ఆ కుటుంబానికి వేల డాలర్ల నష్టం కలుగవచ్చును. ఎందుకో తెలుసుకొనడానికి కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, అన్నిటికంటె ఎక్కువగా తర్కం కావలె.

ముందు ఆ వాద్యాన్ని గురించి తెలుసుకొందాం. పాశ్చాత్య సంగీత బృందాలలో మంద్రస్వరాలు పలికించే పని పూర్వం డబుల్ బేస్ అనే వాద్యానిది. చూపులకు వయొలిన్‌కు పెద్దన్నవలె ఉంటుంది గాని ఎత్తులో మనిషిని మించుతుంది. దానిని ఊరూరా మోసుకొని తిరగడం ఒక బాధ. 1940ల నాటికి గిటార్లకు విద్యుత్ వర్ధకాలు అమరి ధ్వని పెరిగిపోగా, అంత పెద్ద వాద్యమూ వాటి నడుమ వినబడకపోవడం ఇంకొక బాధ. సియాటిల్ నగరంలో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే ఆడియోవాక్స్ అనే పేరుతో చిన్న ఎలక్ట్రిక్ బేస్ తయారుచేసి అమ్మినాడు గాని అది వ్యాప్తికి రాలేదు. కాలిఫోర్నియాలోని ఫులర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణంతో జీవితం ప్రారంభించిన లియో ఫెండర్ (1909–1991) 1951లో విడుదల చేసిన ‘ప్రిసిషన్ బేస్’ తోనే ఈ వాద్యం లోకమంతటికీ ప్రాకినది. వింత ఏమంటే, ఆ ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు.

ప్రిసిషన్ అంటే ఖచ్చితత్వం. డబుల్ బేస్ మెడపై మెట్లు ఉండవు. వ్రేలు కొంచెం జరిగినా స్వరం తప్పుతుంది. ఫెండర్ తన వాద్యానికి మెడపై 20 లోహపు మెట్లు అమర్చినాడు. మన వీణకు మైనం మీద మెట్లు నిలుపుతారు. ఇక్కడ కొయ్యలో సన్నని గాడి కోసి లోహపు తీగ దిగగొడతారు. వ్రేలు మెట్టుకు వెనుక ఎక్కడ నొక్కినా స్వరం ఒకటే కాబట్టి ఆ పేరు తగినదే.

తంత్రి పౌనఃపున్యం దాని పొడవు, బిగువు, బరువులపై ఆధారపడుతుందని ఉన్నత పాఠశాలలో చదువుకొన్నదే. బేస్ గిటారులో అన్నిటికంటె మంద్రమైన తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. సాధారణ గిటారులోని మంద్రతంత్రికి ఇది సరిగా ఒక స్థాయి క్రింద, అనగా సగం. పొడవు, బిగువు మార్చకుండ పౌనఃపున్యాన్ని సగం చేయాలంటే తంత్రి బరువును నాలుగింతలు చేయాలి. అందుకే బేస్ తంత్రులు ఉక్కుతీగపై మరొక లోహపు తీగను దగ్గరదగ్గరగా చుట్టి లావుగా చేసినవి. ఫెండర్ తంత్రి పొడవును 34 అంగుళాలుగా నిర్ణయించినాడు. ఈనాటికీ ఎక్కువ బేస్‌లకు అదే కొలత. నాలుగు తంత్రులూ కలిసి మెడను సుమారు 70, 80 కిలోల బరువుతో లాగుతుంటవి. మెడ వంగిపోకుండ దాని లోపల ఒక ఉక్కుకడ్డీ ఉంటుంది.

ఉక్కు తంత్రి కంపనాలను విద్యుత్తుగా మార్చే సాధనం పేరు పికప్. అయస్కాంతపు కడ్డీల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుడతారు. దానిపైన తంత్రి కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, తీగచుట్టలో విద్యుత్తు ప్రేరితమౌతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. అయితే ఆ తీగచుట్ట ఇంటిలోని విద్యుత్ తీగల నుండి కూడ ప్రేరణ పొందుతుంది. అమెరికాలో ఆ ప్రవాహం సెకనుకు 60 ఆవృత్తాలది. బేస్ స్వరాలు 41 నుండి మొదలౌతవి కాబట్టి ఆ ‘హుమ్’ అనే రొద సరిగా సంగీతం మధ్యలోనే కూర్చుంటుంది! 1957లో ఫెండర్ పికప్‌ను రెండు ముక్కలు చేసినాడు. రెండవ ముక్కలో తీగ చుట్టిన దిశను, అయస్కాంత ధ్రువాలను తారుమారు చేసినాడు. బయటి రొద రెండు ముక్కలలోను వ్యతిరేక దిశలలో పుట్టి రద్దయిపోతుంది. తంత్రి స్వరంలో మాత్రం రెండు మార్పులూ ఒకదానినొకటి సరిచేసుకొంటవి గనుక అది నిలుస్తుంది. ప్రస్తుత విషయానికి ఇందులో ఒక లాభం ఉన్నది. ప్రిసిషన్ బేస్ పికప్ ఒకే ముక్కగా ఉంటే 1957కు ముందుదో, లేక ఆ పాత నమూనాను అనుసరించి 1968 తరువాత చేసినదో అయి ఉండాలి.

భాగాలకు వేరువేరు పుట్టినరోజులు

వయొలిన్ వంటి వాద్యాన్ని ఒక శిల్పి మొదటినుండి చివరి వరకు తన చేతులతో చేస్తాడు. ఫెండర్ పద్ధతి మోటారుకారు కర్మాగారపు పద్ధతి. మెడలు ఒకచోట, దేహాలు ఒకచోట, విద్యుత్ పరికరాలు ఒకచోట తయారై బుట్టలలో ప్రోగుపడి ఉంటవి. చివరకు మెడను దేహానికి నాలుగు మరలతో బిగిస్తారు. మరలు విప్పితే మెడ ఊడి వస్తుంది. అందుచేత ఈ బేస్‌కు ఒకే పుట్టినరోజు లేదు. మెడకు ఒక తేదీ, లోపలి పరికరాలకు వేరొక తేదీ ఉంటవి. మనం వెదుకుతున్నది కూర్పు తేదీ. అది ఎక్కడా వ్రాసి ఉండదు.

ఇక్కడ చాలమంది పొరపాటు పడతారు. లోహపు రేకుపై చెక్కిన వరుససంఖ్యను చూచి, పట్టికలో సంవత్సరం వెదికి, పని అయిపోయినదనుకొంటారు. ఆ సంఖ్య తొలి సంవత్సరాలలో తంత్రులను మోసే బ్రిడ్జిరేకుపైన, తరువాత మెడ వెనుక రేకుపైన ఉండేది. ఆ రేకులను కూడ బుట్టలో పోసి చేతికి అందినదానిని తీసి బిగించినారు. ఏ సంఖ్య ఏ రోజున వాడినారో లెక్క లేదు. సంఖ్యకు ముందు ‘ఎల్’ అక్షరం ఉంటే 1962 చివర మొదలు 1965 వరకు అని, రేకుపై పెద్ద ‘ఎఫ్’ ముద్ర ఉంటే 1965 చివర మొదలు 1976 వరకు అని స్థూలంగా చెప్పవచ్చును. 1976 నుండి సంఖ్య మెడ తలకట్టు మీదికి ఎక్కినది. అంతకంటె సూక్ష్మంగా ఈ సంఖ్య చెప్పగలిగినది ఏమీ లేదు. పైగా రేకుకు ఉన్నవి నాలుగు మరలే. ఎవరైనా మార్చవచ్చును.

మంచి సాక్షి మెడ మడమ. మెడను విప్పినప్పుడు దేహపు గూటిలో దిగి ఉండే చివరి భాగాన్ని మడమ అంటున్నాను. 1950లలో దానిపై పెన్సిలుతో నెల, సంవత్సరం వ్రాసేవారు. 1962 నుండి రబ్బరు ముద్ర వేసినారు. ఆ ముద్ర ‘7 మార్చి 66 బి’ అన్నట్లు ఉంటుంది. దీనిని 1966 మార్చి 7వ తేదీ అని చదువుతారు. అది తప్పు. మొదటి అంకె వాద్యపు రకాన్ని తెలిపే సంకేతం, చివరి అక్షరం మెడ వెడల్పు. ‘ఏ’ అంటే ఒకటిన్నర అంగుళం, ‘బి’ అంటే దానికి అంగుళంలో ఎనిమిదవ వంతు ఎక్కువ, ఇట్లా పోతుంది. కనుక ఆ ముద్రలో తేదీ లేదు. నెల, సంవత్సరం మాత్రమే ఉన్నవి. అవి కూడ మెడ తయారైన కాలాన్నే చెబుతవి, అమ్మకానికి వెళ్ళిన రోజును కాదు.

ధ్వనిని పెంచి తగ్గించే గుండీల క్రింద గుండ్రని నిరోధకాలు ఉంటవి. రేడియో మెకానిక్కులు వీటినే వాల్యూం కంట్రోలు అంటారు. వీటి వెనుక ఆరేడు అంకెల సంఖ్య ముద్రించి ఉంటుంది. ఇది గిటార్ల కోసం ఏర్పడినది కాదు. అమెరికాలో రేడియో, ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం తన సభ్యులందరికీ పెట్టిన నియమం. మొదటి మూడంకెలు తయారీదారును తెలుపుతవి: 304 అంటే స్టాక్‌పోల్, 137 అంటే సి.టి.ఎస్. చివరి రెండంకెలు సంవత్సరంలో ఎన్నవ వారమో చెబుతవి. నడుమ ఉన్నది సంవత్సరం. 1950లలో ఒకే అంకె, తరువాత రెండంకెలు. కాబట్టి 3046247 అంటే స్టాక్‌పోల్ కంపెనీ 1962లో 47వ వారంలో, అనగా నవంబరులో చేసినది. 1376633 అంటే సి.టి.ఎస్. కంపెనీ 1966 ఆగస్టు నడుమ చేసినది. ఉపాధ్యాయులు పాత అమెరికన్ రేడియో ఏదైనా దొరికితే విద్యార్థులచేత ఈ సంకేతం చదివించి చూడవచ్చును.

ఇప్పుడు తర్కం. ఒక బేస్ మెడపై ‘మార్చి 63’ అని, నిరోధకాలపై 3046247 అని ఉన్నదనుకొందాం. మెడ పుట్టకముందు వాద్యం పుట్టలేదు గనుక 1963 మార్చికి ముందుది కాదు. నిరోధకం నాలుగు నెలలు ముందుదైతే ఆశ్చర్యం లేదు. కర్మాగారం సరుకును ముందుగా కొని నిలువ ఉంచుతుంది. రేకుపై ‘ఎల్’ కూడ ఉంటే 1963 వసంతంలోనో వేసవిలోనో కూర్చినారని ధైర్యంగా చెప్పవచ్చును. అదే మెడకు 1966 ఆగస్టు నాటి నిరోధకం ఉంటే? మూడేండ్లు కర్మాగారంలో మెడ పడి ఉండడం అరుదు. తరువాత ఎవరో మరమ్మతు చేసినారని అనుమానించాలి. తలక్రిందులు చేసి చూడండి: నిరోధకం 1966ది, మెడ 1969ది. ఇది తప్పు కాదు. 1966లో కర్మాగారం నిరోధకాలను పెద్దమొత్తంలో కొని ఆ దశకం చివరి వరకు వాడినది. సంఖ్యల తేడా రెండింటిలోను మూడేండ్లే. అయినా ఒకదానిలో అనుమానం, ఒకదానిలో నిశ్చింత. పాతభాగం క్రొత్తదానిలో ఉండవచ్చును గాని క్రొత్తభాగం పాతదానిలో ఉండరాదు. త్రవ్వకాలలో పురాతత్వవేత్తలు వాడేదీ ఈ నియమమే: గోడ క్రింద చెక్కుచెదరని పొరలో ఒక నాణెం దొరికితే ఆ గోడ నాణెంకంటె పాతది కాజాలదు.

పై మాటలో ‘చెక్కుచెదరని పొర’ ముఖ్యం. వాద్యంలో ఆ పొరతో పోల్చదగినది టంకం. కర్మాగారంలో వేసిన టంకపు అతుకు కాలంతో మసకబారి, దుమ్ము పట్టి, నునుపుగా ఉంటుంది. దానిపై మళ్ళీ టంకం వేస్తే మెరుపు, గడ్డకట్టిన తీరు వేరు. అతుకులు కదలని నిరోధకం ఇచ్చే సాక్ష్యానికి, కదిలిన నిరోధకం ఇచ్చే సాక్ష్యానికి విలువ ఒకటి కాదు.

కొయ్య, మెట్లపలక, రేకులు కూడ మాట్లాడతవి. 1956 నాటికి దేహానికి యాష్ కొయ్యకు బదులు ఎక్కువగా ఆల్డర్ కొయ్య వచ్చినది. 1959 వరకు మెడ అంతా ఒకే మేపుల్ కొయ్య. ఆ సంవత్సరం దానిపై నల్లని రోజ్‌వుడ్ పలక అతికించడం మొదలుపెట్టినారు. మొదట ఆ పలక అడుగు చదునుగా, మందంగా ఉండేది. 1962 నడుమ నుండి పలుచనై, అడుగు వంపు తిరిగినది. మడమ వద్ద కొయ్యల అంచు చూస్తే గీత చదునో వంపో తెలిసిపోతుంది. దీనిని తరువాత మార్చడం సులువు కాదు గనుక ఇది నా దృష్టిలో వరుససంఖ్యకంటె ఎంతో నమ్మదగినది. ఇన్నీ ఎందుకు చూడాలంటే, 1982 నుండి ఆ కంపెనీయే 1957, 1962 నాటి నమూనాలను మళ్ళీ తయారుచేసి అమ్మినది. వాటి వరుససంఖ్యకు ముందు ‘వి’ అక్షరం ఉంటుంది. నలభై ఏండ్లు వాడిన తరువాత దూరంనుండి చూస్తే అవీ పాతవాటివలెనే కనిపిస్తవి.

పికప్ నిరోధం కొలిచి వయస్సు చెబుతామనేవారు కలరు. ఈ పద్ధతిని నమ్మరాదు. రాగి నిరోధం సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల చలిగదిలో 10,500 ఓములు చూపిన తీగచుట్ట 35 డిగ్రీల వేసవిలో 11,100 దాకా చూపుతుంది. తీగ తెగినదా లేదా అనే ప్రశ్నకు మాత్రం ఈ కొలత చక్కని జవాబు చెబుతుంది.

కొయ్యలోని వలయాలను లెక్కించి వయస్సు కట్టలేమా అని విద్యార్థులు అడుగుతారు. వయొలిన్ల విషయంలో ఇది సాధ్యమైనది. స్ట్రాడివేరియస్ 1716లో చేసినట్లు చెప్పే ‘మెస్సయ్య’ వయొలిన్ పైపలకలో చివరి వలయం 1687 నాటిదని ఆ పద్ధతిచేత తేల్చినారు. అది కూడ కొయ్య వయస్సే గాని వాద్యం వయస్సు కాదు. బేస్ దేహానికి వాడిన పలకలు కోసిన తీరు వేరు, వరుసగా దొరికే వలయాలు తక్కువ. పెన్సిలు వ్రాత ఉండగా ఇంత శ్రమ ఎందుకు?

రంగు చెప్పే కథ

1960ల చివరి వరకు ఈ వాద్యాలకు వాడిన రంగుపూత నైట్రోసెల్యులోజ్ లాకరు. దూదిని నైట్రికామ్లంతో మార్చి చేసిన పదార్థం ఇది. పాత సినిమా ఫిలిములకు వాడిన, తేలికగా అంటుకొనే ‘నైట్రేట్’ కూడ ఇదే కుటుంబం. పూసిన తరువాత ద్రావణి ఆవిరైపోగా పలుచని పొర మిగులుతుంది. ఏండ్లు గడిచినకొద్దీ అది పసుపుబారుతుంది, కుంచించుకుపోతుంది, చలికి సన్నని నెర్రెలు విచ్చుతుంది. తెలుపు మీగడరంగుకు తిరుగుతుంది, నీలం మీద పసుపు చేరి ఆకుపచ్చగా కనిపిస్తుంది. 1968 ప్రాంతంనుండి దేహాలకు మందమైన పాలియెస్టర్ పూత వచ్చినది. దాని అణువులు ఒకదానితో ఒకటి రసాయనికంగా ముడిపడిపోతవి గనుక గట్టిగా, గాజువలె ఉంటుంది. ఇట్లా నెర్రెలు విచ్చదు.

అతినీలలోహిత దీపం క్రింద పాత లాకరు లేతగా పసుపుపచ్చని కాంతి వెదజల్లుతుంది. తరువాత దిద్దిన చోటు ఆ కాంతి ఇవ్వక వేరుగా కనబడుతుంది. ఇంకొక ఉపాయం ఇంతకంటె సులువు. 1960ల మొదటి సంవత్సరాల వరకు రంగు పూసేటప్పుడు దేహాన్ని చిన్న మేకులపై నిలిపి ఆరబెట్టేవారు. ఆరిన తరువాత మేకు పెరికితే మిగిలిన రంధ్రంలో పచ్చి కొయ్య కనబడాలి. రంధ్రంలో రంగు ఉంటే ఆ రంగు కర్మాగారం దాటిన తరువాత వేసినదే. సామాన్యంగా ఈ రంధ్రాలు ముందువైపు రక్షక పలక క్రింద దాగి ఉంటవి. మోసగాళ్ళకు కూడ ఈ విషయం తెలుసునని వేరుగా చెప్పనక్కరలేదు.

వెల

1951లో ప్రిసిషన్ బేస్ ధర 199 డాలర్ల 50 సెంట్లు. డాలరు విలువ పడిపోయిన లెక్క వేస్తే 2023లో అది దాదాపు 2,300 డాలర్లకు సమానం. కాని మార్పులు లేని 1950ల నాటి ప్రిసిషన్ బేస్ ఈనాడు పదివేల డాలర్లు దాటి అమ్ముడుపోతున్నది. 1960లో వచ్చిన జాజ్ బేస్ తొలి నమూనాలదీ అదే స్థాయి. 1970ల నాటివి కొద్ది వేలకే దొరుకుతవి. ఈ తేడాకు బజారులో చెప్పే కారణం 1965 జనవరి. ఆ నెలలో లియో ఫెండర్ తన కంపెనీని 130 లక్షల డాలర్లకు సి.బి.ఎస్. సంస్థకు అమ్మివేసినాడు. అమ్మకానికి ముందువన్నీ మేలైనవని, తరువాతివన్నీ నాసివని వ్యాపారులు విభజించినారు. ఇందులో సత్యం కొంతే. కాగితంపై సంతకం పడిన మరునాడు పనివారూ యంత్రాలూ మారలేదు. 1965 వేసవిలో చేసిన బేస్‌లు 1964వాటికి ఎందులోను తీసిపోవు. కాని వెల నిర్ణయించేది కొనేవారి నమ్మకం.

అంతకంటె పెద్ద తేడా మార్పులవల్ల వస్తుంది. మొదటి రంగు తీసి క్రొత్త రంగు వేస్తే వెల సగానికి దగ్గరగా పడిపోతుందని వ్యాపారులు సామాన్యంగా లెక్క కడతారు. మన కథలోని కొడుకు చేయబోయిన పని అదే! అదనపు పికప్ కోసం దేహాన్ని తొలిచినా దెబ్బ పెద్దదే. నిరోధకం మార్చితే కొద్దిగా తగ్గుతుంది, తీసిన పాతది పెట్టెలో దొరికితే ఆ కొద్దీ చాలవరకు తిరిగి వస్తుంది. అందుకే ఇల్లు సర్దేటప్పుడు పెట్టె మూలలలోని మరలు, తుప్పు రేకులు, పాత రసీదులు, ఆ వాద్యంతో దిగిన ఫొటోలు ఏవీ పారవేయరాదు. కర్మాగారంలో మోటారుకార్ల రంగులు వేయించుకొనడానికి ఆ రోజులలో ధరపై 5 శాతం ఎక్కువ తీసుకొనేవారు. ఆ ఎరుపులు, నీలాలు మొదటి పూతే అయితే ఈనాడు సాధారణపు రంగుకంటె ఎంతో ఎక్కువ పలుకుతవి. కాబట్టి దొంగ పూతలు ఎక్కువగా ఆ రంగులలోనే ఉంటవి.

పాతదైతే ధ్వని మేలుగా ఉంటుందా? వయొలిన్ల విషయంలో క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ అనేవారు 2010లో ఇండియానపోలిస్‌లో ఒక ప్రయోగం చేసినారు. 21 మంది వాద్యకారులకు కళ్ళు కనబడని అద్దాలు తగిలించి పాత ఇటాలియన్ వయొలిన్లు, క్రొత్త వయొలిన్లు ఇచ్చినారు. ఏది పాతదో వారు నిలకడగా చెప్పలేకపోయినారు, ఎక్కువమంది క్రొత్తదానినే ఇష్టపడినారు. బేస్ గిటారులో ధ్వని కొయ్యకంటె పికప్, తంత్రి, వర్ధకాలమీద ఎక్కువ ఆధారపడినది గనుక పాతదనానికి చెల్లించే డబ్బులో ధ్వని కోసం చెల్లించేది స్వల్పమనే అనుకొంటాను. మిగిలినదంతా చరిత్రకు చెల్లించే మూల్యం.

చరిత్ర ఎంత విలువ తేగలదో ఒక బేస్ చూపినది. జర్మనీలో హాఫ్‌నర్ కంపెనీ 1956లో వయొలిన్ ఆకారంతో 500/1 అనే బేస్‌ను విడుదల చేసినది. బీటిల్స్ బృందంలోని పాల్ మాకార్ట్‌నీ 1961లో హాంబర్గులో ఒకటి కొన్నాడు. సుమారు 30 పౌండ్లు ఇచ్చినట్లు ఆయనే చెప్పినాడు. 1964లో దానికి క్రొత్త రంగు వేయించి, రెండు పికప్‌లను ఒకే నల్లని చెక్కచట్రంలో బిగించినారు. 1972 అక్టోబరులో లండనులో ఒక వ్యాను నుండి అది దొంగిలింపబడినది. 2018లో మొదలైన అన్వేషణ 2023లో పత్రికలకెక్కగా, దక్షిణ ఇంగ్లాండులో ఒక ఇంటి అటకపై ఉన్నట్లు తేలినది. ఆ ఇంటివారికి అది వంశపారంపర్యంగా వచ్చినది. హాఫ్‌నర్ కంపెనీ పరీక్షించి ధ్రువపరచినది, యజమానికి చేరినట్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించినారు. చూడండి, ఏ మార్పు చేసినా వెల పడుతుందని ఇంతవరకు చెప్పినాను. ఇక్కడ 1964 నాటి రంగు, చట్రం, ఆనాటి ఫొటోలు కలిసి అదే వాద్యమని పట్టి ఇచ్చినవి. వేరొకరి బేస్‌పై ఆ మార్పులే లోపాలు.

ఈ ఉదంతంలో ఇంకొక విషయం ఉన్నది. వారసత్వంగా వచ్చినదంతా న్యాయంగా వచ్చినదని చెప్పలేము. అమెరికాలో దొంగ తాను అమ్మిన వస్తువుపై ఎవరికీ హక్కు ఇవ్వలేడనేది సామాన్య న్యాయసూత్రం. వరుససంఖ్యకు నిజమైన ఉపయోగం ఇక్కడ. అది సంవత్సరాన్ని సరిగా చెప్పకపోయినా, పాత పోలీసు ఫిర్యాదుతోనో రసీదుతోనో సరిపోల్చడానికి పనికి వస్తుంది.

‘దీని విలువ ఎంత?’ అని అడిగితే నిపుణుడు ‘దేని కోసం?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అటువంటిదే మరొకటి దుకాణంలో కొనడానికి అయ్యే ఖర్చు భీమా కోసం. తొందరలేని కొనుగోలుదారు, తొందరలేని అమ్మకందారు ఇద్దరూ వివరాలు తెలిసి ఒప్పుకొనే ధర పన్నుల కోసం. దుకాణదారు ఈ రోజు చేతిలో పెట్టే డబ్బు అన్నిటికంటె తక్కువ. అతడు బాగుచేసి, నిలువ ఉంచి, లాభం చూచుకొని అమ్మాలి గదా. ప్రకటనలలో అడిగే ధరను చూచి మురిసిపోరాదు, అమ్ముడుపోయిన ధరనే చూడాలి. అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో వారసులకు ఒక సౌకర్యం కలదు. తండ్రి 1963లో 250 డాలర్లకు కొన్నది ఆయన మరణించిన రోజున 9,000 చేసి, తరువాత 9,500కు అమ్మితే, లాభం 9,250 కాదు, 500 మాత్రమే. మరణదినం నాటి విలువనే కొన్నధరగా లెక్కిస్తారు. కాబట్టి తేదీ వేసిన అంచనా పత్రం ఒకటి నిపుణునిచేత వ్రాయించుకొనడం ఆ కుటుంబం చేయవలసిన మొదటి పని.

విప్పి చూచేవారు తంత్రులను వదులుచేసిన తరువాతనే మెడ మరలు తీయాలి. గుడ్డతో దుమ్ము తుడవడం తప్ప ద్రావణులు తగలనీయరాదు. నైట్రోసెల్యులోజ్ ఎంత పాతదైనా వాటిలో కరిగిపోతుంది. 1965కు ముందు తాబేటిడిప్ప మచ్చలతో వచ్చిన రక్షక పలకలు కూడ ఆ పదార్థమే. అవి ముడుచుకొని, పాడవుతున్నకొద్దీ ఆమ్లపు ఆవిరి విడిచి ప్రక్కనున్న లోహాన్ని తినివేస్తవి. అటువంటిదానిని మూసిన పెట్టెలో సంవత్సరాల తరబడి ఉంచరాదు, నిప్పుకు దూరంగా ఉంచాలి.

అమ్మకం దేశం దాటితే కొయ్య పేరు కూడ తెలియాలి. 1960ల నడుమ వరకు మెట్లపలకకు వాడిన రోజ్‌వుడ్ బ్రెజిల్ దేశపుది. ఆ చెట్టు అంతరించిపోతున్నందున 1992 నుండి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోని కఠినమైన పట్టికలో ఉన్నది. అది ఉన్న వాద్యాన్ని అనుమతి పత్రం లేకుండ సరిహద్దు దాటించి అమ్మరాదు. తరువాత దాని స్థానంలోకి వచ్చినది భారతదేశపు రోజ్‌వుడ్. తెలుగులో ఇరుగుడు అని, జిట్రేగి అని పిలిచే చెట్టు అదే. 2017లో దానిని కూడ, ఆ జాతి చెట్లన్నిటితో కలిపి, ఒప్పందంలోని రెండవ పట్టికలో చేర్చినారు. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చినది. బ్రెజిల్ కొయ్యకు మాత్రం ఆ మినహాయింపు లేదు.